ప్రహ్లాదుడు: రంగస్థలం నుండి వెండితెరకు

పాఠ్యభాగ ఉద్దేశం

పద్యాలు, పాటలు ప్రాణంగా గల నాటకాన్ని చలనచిత్రంగా, అందులోనూ పిల్లలు చూడదగిన చిత్రంగా మలచేటప్పుడు ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్నను ప్రహ్లాద కథ ఆధారంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం

కావ్యాన్ని శ్రవ్యమనీ దృశ్యమనీ రెండు విధాలుగా విభజించారు మన ఆలంకారికులు. వినదగినది శ్రవ్యం, చూడదగినది దృశ్యం. తెలుగు పద్యనాటకం మాత్రం ఈ విభజనకు పూర్తిగా లొంగదు. పేరుకు అది దృశ్యకావ్యమే అయినా ప్రేక్షకుడు చూడడానికి ఎంతగా వెళ్లాడో వినడానికీ అంతగానే వెళ్లాడు. హార్మోనియం శ్రుతి అందించగా నటుడు పద్యం ఎత్తుకొని, రాగం తీసి, చివరి పాదాన్ని పతాకస్థాయికి చేర్చితే పందిరి నాలుగు మూలల నుండీ ‘వన్స్‌మోర్’ అన్న కేకలు వినవచ్చేవి. అప్పుడే ప్రాణం విడిచిన పాత్ర సైతం లేచి నిలబడి, అదే పద్యం మరొకసారి పాడి, మళ్లీ నేలకొరిగిన సందర్భాలను రంగస్థల అభిమానులు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఈ సంగతి వింటే నేటి విద్యార్థులకు నవ్వు వస్తుంది. ఆనాటి ప్రేక్షకులకు కథ ముందే తెలుసు. ఎవరు గెలుస్తారో, ఎవరు మరణిస్తారో తెలిసే వచ్చారు. వారు వచ్చింది ఆ కథను ఈ నటుడు ఎలా పలుకుతాడో వినడానికి.

భరతముని ప్రదర్శన పద్ధతులను లోకధర్మి, నాట్యధర్మి అని రెండుగా చెప్పాడు. లోకంలో మనుషులు ప్రవర్తించే తీరును అనుసరించేది లోకధర్మి. రంగస్థలానికి మాత్రమే చెల్లే ఏర్పాట్లతో నడిచేది నాట్యధర్మి. కోపించిన రాజు రాగయుక్తంగా పద్యం చదవడం నాట్యధర్మి. రంగులు పూసిన తెరను రాజప్రాసాదమని ఒప్పుకొన్న ప్రేక్షకుడికి రాజు పాడడాన్ని ఒప్పుకోవడం కష్టం కాదు. కెమెరా అయితే నిజమైన కొండను, నిజమైన ఏనుగును తెచ్చి చూపిస్తుంది. నిజమైన ఏనుగు ఎదుట నిలబడినవాడు ఎందుకు పాడుతున్నాడన్న సందేహం అక్కడే పుడుతుంది. పెద్దలు ఈ సందేహాన్ని మర్యాద కోసం దిగమింగుతారు. పిల్లలు పైకే అడుగుతారు. ప్రహ్లాద చరిత్ర పాఠం చెబుతుండగా మా తరగతిలో ఒక విద్యార్థి, “అంత కోపంలో ఉన్నవాడు పాడతాడేంటి సార్?” అని అడిగాడు. ఆనాడు నేను నాట్యధర్మి నిర్వచనం చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్నకు అది సరైన సమాధానం కాదని తరువాత తోచింది. నాటకాన్ని చిత్రంగా మలచేవారు మొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న అదే.

ప్రహ్లాద కథ తెలుగువారికి ప్రధానంగా పోతన భాగవతంలోని సప్తమ స్కంధం ద్వారా పరిచయం. ఆ ఘట్టాన్ని భక్తికథగా చదవడం మనకు అలవాటు. దానిని ఒక బడి కథగా కూడా చదవవచ్చు. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కుల వద్ద కొడుకును చదువుకు పెడతాడు హిరణ్యకశిపుడు. కొంతకాలానికి ఇంటికి వచ్చిన బాలుణ్ణి ముద్దు చేసి, తొడపై కూర్చోబెట్టుకొని, నీకు ఏది మంచిదని తోస్తున్నదో చెప్పుమంటాడు. బాలుడు చెప్పిన సమాధానం తండ్రికి నచ్చదు. గురువుల పెంపకం చాలలేదని తలచి మళ్లీ బడికి పంపుతాడు. రెండవసారి పరీక్షలోనూ అదే సమాధానం వస్తుంది. తండ్రి గురువులను నిందిస్తాడు. ఇది మేము నేర్పినది కాదని గురువులు మొరపెట్టుకుంటారు. గురువులు ఇంటిపనులపై వెళ్లిన సమయంలో ప్రహ్లాదుడు తోటి దానవబాలురను చుట్టూ చేర్చుకొని తనకు తెలిసినది చెబుతాడు. పరీక్ష, తప్పు సమాధానం, గురువుల భయం, తండ్రి ఆగ్రహం, సహాధ్యాయుల కుతూహలం, ఇవన్నీ ఏ కాలపు పిల్లవాడికైనా తెలిసిన విషయాలే. పిల్లల చిత్రానికి కావలసిన సామగ్రి అంతా మూలంలోనే ఉన్నది.

అయినప్పటికీ రంగస్థలంపై ఈ కథ చాలాకాలం పిల్లవాడి కథ కాలేదు. అది హిరణ్యకశిపుని నాటకం. అందుకు సాహిత్య కారణం కంటే సాంకేతిక కారణం ముఖ్యమైనది. ‘ఆంధ్రనాటక పితామహుడు’గా ప్రసిద్ధి పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారిలో నాటకాలు రచించి ప్రదర్శించిన కాలంలో మైకులు లేవు. వందలాది ప్రేక్షకుల చివరి వరుసకు మాట చేరాలంటే నిండైన గొంతు, దీర్ఘమైన ఊపిరి, కనిపించే ఆంగికం కావాలి. అవన్నీ ఉన్నది హిరణ్యకశిప పాత్రధారికి. ఏడెనిమిదేళ్ల పిల్లవాడి గొంతు మూడవ వరుస దాటదు. అతడి కళ్లలో భయం ఉన్నదో, ధైర్యం ఉన్నదో వెనుక కూర్చున్నవారికి తెలియదు. కనుక నాటకకర్త సహజంగానే బరువంతా తండ్రిపై ఉంచాడు. బాలుడు చేతులు జోడించి నిలబడితే చాలు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టి, ఆ ఊరి పేరే తన పేరు చేసుకున్న సురభి నాటక సమాజం ఈ లోటును మరొక విధంగా పూరించింది. కుటుంబాలకు కుటుంబాలే నటులైన సమాజమది. ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, కుశలవులు వంటి పాత్రలు ఆ ఇళ్ల పిల్లలకు అక్షరాభ్యాసం వంటివి. దానికి తోడు కొండపై నుండి బాలుణ్ణి పడవేయడం, పాములను వదలడం, స్తంభం చీలి నరసింహుడు వెలువడడం మొదలైన దృశ్యాలను తాళ్లతో, చెక్కలతో, దీపాలతో వారు చూపిన నేర్పు పిల్లలను అప్రతిభులను చేసింది. అయితే పిల్లలు చూసినది స్తంభాన్ని. ప్రహ్లాదుణ్ణి చూసే అవకాశం వారికి ఇంకా రాలేదనే చెప్పాలి.

తెలుగులో తొలి పూర్తి టాకీ అయిన ‘భక్త ప్రహ్లాద’ ఈ రంగస్థలం నుండే వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. ధర్మవరంవారి నాటకం ఆధారం. సురభి కమలాబాయి లీలావతిగా, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా, మాస్టర్ కృష్ణారావు ప్రహ్లాదునిగా నటించారు. తరువాతి కాలంలో గొప్ప దర్శక నిర్మాతగా పేరొందిన ఎల్.వి. ప్రసాద్ ఇందులో చండామార్కుల శిష్యులలో ఒక మొద్దబ్బాయి. 1931లో విడుదలైనదని చాలాకాలం అనుకున్నా, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనట్లు తరువాతి పరిశోధన తేల్చింది. ఆనాటికి నేపథ్యగానం లేదు. నటించేవారే పాడాలి, పాడుతుండగానే శబ్దం ముద్రింపబడాలి. మైకు ఉన్నచోటికి నటుడు రావాలే గాని నటుడు ఉన్నచోటికి మైకు కదలదు. అందువల్ల తొలి టాకీలు చాలావరకు కెమెరా ముందు ఆడిన నాటకాలుగానే మిగిలాయి. వాటిని ఈ విషయంలో తప్పుపట్టడం న్యాయం కాదు.

సి. పుల్లయ్య మరొక మార్గం తొక్కారు. 1936లో ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షాన ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అనే రెండు చిన్న చిత్రాలను బాలబాలికలతోనే నటింపజేసి, రెండింటినీ ఒకే ప్రదర్శనగా అందించారు. తరువాత నటిగా, నిర్మాతగా ప్రసిద్ధురాలైన సి. కృష్ణవేణి, గాయని రావు బాలసరస్వతీదేవి ఆ బాలనటుల బృందంలోనివారే. ఇది సాహసమే. అయితే పిల్లలు పెద్దల వేషాలు కట్టుకొని పెద్దల మాటలు పలికితే ముచ్చటపడేది ఎక్కువగా పెద్దలు. మీసం పెట్టుకున్న పిల్లవాణ్ణి చూసి తోటి పిల్లవాడు నవ్వుతాడు, తరువాత మరచిపోతాడు. పిల్లలచేత నటింపజేయడమూ, పిల్లల కోసం చిత్రం తీయడమూ ఒకటి కావు.

అసలైన మార్పు మైకు, కెమెరా రెండూ పిల్లవాడికి దగ్గరగా రాగలిగినప్పుడు వచ్చింది. 1967లో ఎ.వి.ఎం. సంస్థ రంగులలో నిర్మించిన ‘భక్త ప్రహ్లాద’ను గమనించండి. హిరణ్యకశిపుడు ఎస్.వి. రంగారావు, లీలావతి అంజలీదేవి, నారదుడు సంగీత విద్వాంసుడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ప్రహ్లాదుడు రోజారమణి అనే బాలిక, అప్పటికి పదేళ్లు కూడా నిండని పసిపిల్ల. రంగారావుగారి భారీ విగ్రహం పక్కన ఆమె నిలబడితే నాటకంలో నూరు పద్యాలు చెప్పలేని సంగతిని ఆ ఎత్తుల తేడా చెబుతుంది. తండ్రి ముఖాన్ని చూడాలంటే ఆ పిల్ల తల బాగా పైకెత్తాలి. పిల్లలందరూ పెద్దలను చూసేది అలాగే. రంగస్థలంపై ఎత్తుల తేడా ఉన్నా, కెమెరా పిల్లవాడి పక్కన నిలిచి చూపిస్తేనే అది ప్రేక్షక బాలుని అనుభవమవుతుంది.

ఈ చిత్రంలో పద్యం ఏమైందో చూడడం సాహిత్య విద్యార్థులకు మరింత అవసరం. సాలూరు రాజేశ్వరరావు సంగీతం కూర్చారు. రంగారావుకు మాధవపెద్ది సత్యం, బాలిక రోజారమణికి పి. సుశీల గాత్రం అందించారు. సత్యంగారిది రంగస్థల పద్యానికి దగ్గరి గొంతు. గాంభీర్యం, గమకం, సభను ఉద్దేశించి పలికే తీరు అందులో ఉన్నాయి. సుశీలగారి గొంతులో పద్యం సంగతులకు పోక, మాటకు మాట అంటుకొని, ఇంట్లో అమ్మమ్మ పోతన పద్యం చెబుతున్నంత సాదాగా సాగుతుంది. ఒకే చిత్రంలో పద్యం రెండు గొంతులుగా చీలింది. తండ్రి పద్యం లోకానికి వినిపించాలని చదివేది. కొడుకు పద్యం కంటికి కనిపించని ఒక్కడితో చెప్పుకొనేది. కోపంలో ఉన్నవాడు ఎందుకు పాడతాడని మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వవలసిన సమాధానం ఇక్కడ ఉన్నది. హిరణ్యకశిపుడు ఎప్పుడూ సభలోనే ఉంటాడు. కొడుకుతో ఏకాంతంగా మాట్లాడుతున్నప్పుడు కూడా మూడు లోకాలు వింటున్నాయన్న స్పృహతోనే మాట్లాడతాడు. అటువంటివాడికి పద్యం అలంకారం కాదు, స్వభావం. పాడడానికి పాత్రలోనే కారణం దొరికినప్పుడు పిల్లలు ఆ ప్రశ్న అడగరు.

‘లవకుశ’ (1963) ఇంతగా పిల్లల ఆదరణ పొందడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. సి. పుల్లయ్య 1934లో తాను తీసిన కథనే మళ్లీ రంగులలో ప్రారంభించగా, ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఘంటసాల సంగీతం సమకూర్చగా బాలుర పాటలను పి. లీల, పి. సుశీల పాడారు. కుశలవులు పాడడం వాల్మీకి కాలం నుండీ ఉన్నదే. రామాయణాన్ని గానం చేయడమే వారి పని. అక్కడ పాట కథను ఆపదు, పాటే కథ. తమ తల్లి కథను తమకు తెలియకుండానే తండ్రి కొలువులో పాడుతున్న పిల్లలను చూసి కంటతడి పెట్టని బాలప్రేక్షకులు అరుదు.

సంగీత నాటకం పిల్లల చిత్రంగా మారడం మనకు మాత్రమే సంబంధించినది కాదు. పాశ్చాత్యుల అనుభవం ఒకటి మన చర్చకు తోడ్పడుతుంది. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 1959లో న్యూయార్క్ బ్రాడ్వేలో నాటకంగా మొదలై, 1965లో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో చలనచిత్రమైంది. ఆస్ట్రియా దేశంలో ఏడుగురు పిల్లలున్న ఒక నౌకాదళ అధికారి ఇంటికి గురువుగా వచ్చిన మరియా కథ అది. నాటకంలో ఇంటిలోపల పాడే సరిగమల పాటను చిత్రంలో సాల్జ్‌బర్గ్ నగర వీధులలోకీ, కొండలలోకీ తీసుకుపోయారు. తనకిష్టమైన వస్తువులను తలచుకొనే పాటను నాటకంలో మరియా మఠాధిపతితో కలిసి పాడుతుంది. చిత్రంలో అదే పాటను ఉరుముల రాత్రి భయపడి తన పక్కమీదికి చేరిన పిల్లల కోసం పాడుతుంది. పాట మారలేదు, అది ఎవరికోసమో మారింది. పిల్లలకు చేరువ చేయడమంటే ఇది.

అదే చిత్రం మరొక పని కూడా చేసింది. ధనవంతుల ప్రేమను గురించి వ్యంగ్యంగా సాగే పాటను, దేశాన్ని ఆక్రమించబోయే నాజీలతో సర్దుకుపోవడం మేలని కొందరు వాదించే పాటను తొలగించింది. నాటకంలో అధికారికీ, ఆయన పెళ్లాడదలచిన స్త్రీకీ మధ్య ఎడబాటు ఈ సర్దుబాటు వాదం వల్లనే వస్తుంది. చిత్రంలో అది కేవలం ప్రేమ వ్యవహారంగా మిగిలింది. కథ సాఫీగా సాగింది, ఒప్పుకోవలసిందే. కాని భయానికి లొంగి తల వంచుదామని చెప్పే పెద్దలు ఉంటారన్న సత్యం పిల్లల దృష్టి నుండి చాలావరకు జారిపోయింది. పిల్లలకు అర్థం కాదన్న పేరుతో మనం తీసివేసేవి చాలాసార్లు పెద్దలకు ఇబ్బంది కలిగించేవే.

ప్రహ్లాద కథలో అటువంటిది ఒకటున్నది. హిరణ్యకశిపుడు పుట్టు రాక్షసుడు కనుక క్రూరుడు అని చెప్పి ఊరుకోవడం తేలిక. భాగవతంలో అతడు తమ్ముణ్ణి కోల్పోయిన అన్న. హిరణ్యాక్షుణ్ణి వధించిన విష్ణువుపై పగ అతడి తపస్సుకూ, పాలనకూ మూలం. కొడుకుపై అతడికి ప్రేమ లేకపోలేదు. తాను ద్వేషించే పేరే కొడుకు నోట వినవలసి రావడం అతడి దుఃఖం. పద్యనాటకం ఎన్ని అతిశయాలకు పోయినా ఈ దుఃఖానికి చోటిచ్చింది. నటుడు శోకరాగంలో పాడే ఒక్క పద్యం చాలు, తండ్రి కనిపించేవాడు. నిడివి తగ్గించే పేరుతో చిత్రకారులు మొదట కత్తిరించేది ఆ పద్యాన్నే. అప్పుడు మిగిలేది కోరలు, గద, అట్టహాసం. కోరలవాణ్ణి చూసి పిల్లలు కాసేపు భయపడతారు. ప్రేమించే తండ్రికి భయపడడం వేరు. ఆ భయం పిల్లలలో చాలామందికి స్వానుభవం. దానిని తెరపై చూసే హక్కు వారికి లేదని ఎవరు నిర్ణయించారు?

ఇక సంహార ఘట్టం. యుద్ధం, మరణం వంటివాటిని రంగంపై ప్రత్యక్షంగా చూపక సూచించాలని నాట్యశాస్త్రం చెప్పింది. మన నాటకాలు ఈ నియమాన్ని అన్ని వేళలా పాటించలేదు. చలనచిత్రానికి అసలే ఆ సంకోచం లేదు. 2025లో విడుదలై, తెలుగులోనూ పిల్లలు పెద్దలు విరివిగా చూసిన ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చిత్రానికి నటుని శరీరం, స్తంభం బరువు అన్న పరిమితులు కూడా లేవు. గీసినదెల్లా జరుగుతుంది. సురభివారి తాళ్ల నుండి ఇక్కడికి వచ్చిన దూరం చాలానే. కాని, అన్నీ చూపగలిగిన సాధనం చేతికి వచ్చినప్పుడే దేనిని సూచనగా వదలాలన్న భరతుని ప్రశ్న మళ్లీ ముందుకు వస్తుంది. స్తంభం చీలుతున్న క్షణంలో పిల్లలు చూడవలసినది నరసింహుని గోళ్లనా, గడపపై జరుగుతున్నదానిని చూస్తున్న ప్రహ్లాదుని ముఖాన్నా? నేనైతే రెండవదానినే ఎన్నుకుంటాను.

పోతన కథ అక్కడితో ముగియలేదు. దేవతలు సైతం దగ్గరకు రాలేని ఉగ్రమూర్తి ముందుకు ఆ బాలుడు నడిచి వెళ్తాడు. వరం కోరుకొమ్మంటే, తనను చంపించబోయిన తండ్రి పాపం తొలగి పవిత్రుడు కావాలని కోరుకుంటాడు. జేగంటలు మోగుతుండగా, పూలవాన కురుస్తుండగా మంగళగీతంతో ముగించాలన్న తొందరలో నాటకాలూ చిత్రాలూ ఈ కోరికను గబగబా దాటిపోవడం కద్దు. పిల్లల కోసం తీసే చిత్రంలో కొంతసేపు ఆగవలసిన చోటు ఇది. అక్కడ పాట ఉండాలా, పద్యం ఉండాలా అని నన్ను అడిగితే, హార్మోనియం కూడా ఆపివేసి, ఆ పిల్లవాణ్ణి తన మామూలు గొంతుతో అడగనివ్వమంటాను.

ప్రశ్నలు

1. లోకధర్మి, నాట్యధర్ములను వివరించి, పద్యనాటకం చలనచిత్రంగా మారినప్పుడు ఎదురయ్యే చిక్కును తెలపండి.
2. రంగస్థలంపై ప్రహ్లాద కథ హిరణ్యకశిపుని నాటకంగా ఉండిపోవడానికి రచయిత చెప్పిన కారణం ఏమిటి?
3. ‘ఒకే చిత్రంలో పద్యం రెండు గొంతులుగా చీలింది.’ సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. పిల్లలకు అర్థం కాదన్న పేరుతో తొలగించే అంశాలను గురించి రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీరు చూసిన ఒక నాటకం లేదా చిత్రం ఆధారంగా రాయండి.
5. మీ ప్రాంతంలో ప్రదర్శించే పౌరాణిక నాటకం నుండి ఒక దృశ్యాన్ని ఎన్నుకొని, పదేళ్ల పిల్లలు చూసే చిత్రం కోసం దానిని ఎలా మలుస్తారో వివరించండి.